మాత్రల వెనుక మనిషి: డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

తెలుగు నేల మీద పుట్టి, ప్రపంచం నలుమూలలా లెక్కలేనంత మంది రోగుల ప్రాణాలు నిలబెట్టిన మహనీయుడు డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు. మన వార్షికోత్సవ సంచికలో నాయకుల గురించి, కవుల గురించి ఎవరో ఒకరు రాస్తూనే ఉంటారు. ఈసారి ఒక శాస్త్రవేత్త గురించి రాయాలని మేము అనుకోవడానికి కారణం మన ఊరే. ముత్తంగి నుంచి ఏ దిక్కుకు వెళ్లినా మందుల కంపెనీలే కనిపిస్తాయి. ఇటు పటాన్‌చెరు, అటు పాశమైలారం, కొంచెం అవతల బొల్లారం. మన హాస్టల్లో చాలామంది నాన్నలు ఆ కంపెనీల్లో షిఫ్టులు చేసేవాళ్లే, అమ్మలు ప్యాకింగులో పనిచేసేవాళ్లే. డ్రమ్ముల్లో పొడి నింపుతారు, లారీలకు ఎత్తుతారు. ఆ పొడి మొదట ఎవరి తలలో పుట్టిందో వాళ్లకు ఎవరూ చెప్పరు. మన పాఠ్యపుస్తకాల్లోనూ ఆయన గురించి వెతికితే ఎక్కడో ఒక్క వాక్యం దొరుకుతుంది. అందుకే తమ్ముళ్లారా, ఇది కొంచెం ఓపిగ్గా చదవండి.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న పశ్చిమ గోదావరి జిల్లా భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం గారు, తల్లి వెంకమ్మ గారు. ఏడుగురు పిల్లల ఇల్లు. తండ్రికి రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగం. జబ్బు చేసి ఆయన ఉద్యోగం ముందుగానే పోవడంతో ఇంట్లో పూట గడవడం కష్టమైంది. పదమూడేళ్ల వయసులో సుబ్బారావు గారు ఇల్లు వదిలి పారిపోయారట. కాశీకి పోయి యాత్రికులకు అరటిపళ్లు అమ్మితే బోలెడంత డబ్బు వస్తుందని ఆ పిల్లవాడి లెక్క. దారిలోనే పట్టుకుని ఇంటికి తెచ్చారు. చదువుకంటే పళ్ల వ్యాపారం మేలని ఆయనకు తోచడంలో మాకేమీ వింత కనిపించలేదు. ఇంట్లో ఆకలి ఉన్నప్పుడు పిల్లల లెక్కలు అలాగే ఉంటాయి.

మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండుసార్లు తప్పారు. తల్లి ఒప్పుకోలేదు. నగలు అమ్మి కొడుకును మద్రాసు పంపిందని చెబుతారు. మద్రాసు హిందూ హైస్కూలులో మూడో ప్రయత్నంలో గట్టెక్కి ప్రెసిడెన్సీ కాలేజీలో చేరారు. లెక్కలు బాగా వచ్చేవి కానీ మనసు సన్యాసం వైపు పోయింది. రామకృష్ణ మిషన్‌లో చేరిపోతానంటే తల్లి అనుమతి ఇవ్వలేదు. సేవే చేయాలనుకుంటే వైద్యుడివై చేయమని పెద్దలు దారి చూపించారు. అలా మద్రాసు మెడికల్ కాలేజీలో అడుగుపెట్టారు.

ఆ రోజుల్లో దేశమంతా స్వాతంత్ర్యోద్యమం వేడి మీద ఉంది. సుబ్బారావు గారు ఖద్దరు కట్టేవారు. ఆపరేషన్ గదిలో వేసుకునే అంగీ కూడా ఖద్దరుతోనే కుట్టించుకున్నారు. సర్జరీ ప్రొఫెసర్‌గా ఉన్న బ్రాడ్‌ఫీల్డ్ దొరకు అది నచ్చలేదు. రాత పరీక్షలు బాగానే రాసినా చివరికి ఎం.బి.బి.ఎస్. పట్టా రాలేదు, దానికంటే తక్కువైన ఎల్.ఎం.ఎస్. సర్టిఫికెట్ చేతికొచ్చింది. దాంతో ప్రభుత్వ వైద్యశాఖలో మంచి ఉద్యోగం ఆశ పోయింది. వేసుకున్న బట్టను బట్టి మార్కులు పడటం మనకు కొత్త సంగతేమీ కాదు గనుక దీని గురించి ఇంకేమీ రాయడం లేదు.

ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది మాత్రం పరీక్ష కాదు, జబ్బు. స్ప్రూ అనే వ్యాధి ఒకటుంది. తిన్న తిండి ఒంటికి పట్టదు, విరేచనాలు ఆగవు, నెత్తురు పల్చబడుతుంది, మనిషి ఎండిపోయి చనిపోతాడు. ఆ జబ్బుతో సుబ్బారావు గారి అన్న పురుషోత్తం, తమ్ముడు కృష్ణమూర్తి కొన్ని రోజుల తేడాతో పోయారు. ఒకే ఇంటి నుంచి రెండు పాడెలు లేచాయి. తర్వాత అదే జబ్బు సుబ్బారావు గారికీ వచ్చింది. ఇంగ్లీషు మందులు పనిచేయలేదు. ప్రముఖ ఆయుర్వేద వైద్యులు డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి చికిత్సతో బతికి బయటపడ్డారు. ఆ తర్వాత లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలోనే శరీర నిర్మాణ శాస్త్రం బోధించారు. తనను బతికించిన మందులో ఏముంది, తన అన్నదమ్ములను చంపిన జబ్బులో ఏం తక్కువైంది అన్న ప్రశ్న ఆయన్ను వదల్లేదని మాకు అనిపిస్తుంది. తర్వాత పాతికేళ్లలో ఆయన చేసిన పనిని చూస్తే ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతున్నట్టే ఉంటుంది.

1919లో శేషగిరి గారితో ఆయన వివాహమైంది. అమెరికా వెళ్లి ఉష్ణమండల వ్యాధుల గురించి చదవాలని ఆయన పట్టుదల. డబ్బు ఎక్కడిది? మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు కొంత ఇచ్చారు, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ కొంత ఆదుకుంది. ఈ సత్యలింగ నాయకర్ గారి సంగతి ఒక మాట చెప్పాలి. గోదావరి తీరంలో పేద ఇంట పుట్టి, బర్మా వెళ్లి వ్యాపారంలో సంపాదించి, ఆ ఆస్తిని చదువులకూ అన్నదానానికీ రాసిచ్చిన మనిషి. ఆయన పోయిన తర్వాత ఆ డబ్బు ఒక పేద విద్యార్థిని సముద్రం దాటించింది. ప్రభుత్వ స్కాలర్‌షిప్పు మీద చదువుకునే మనకు ఈ సంగతి తెలియాలి.

1922 అక్టోబర్ 26న సుబ్బారావు గారు బోస్టన్ చేరారు. జేబులో ఏమీ లేదు. హార్వర్డ్‌లో ఉష్ణమండల వైద్య విభాగం చూసే డాక్టర్ రిచర్డ్ స్ట్రాంగ్ గారు ఫీజు సంగతి చూసుకున్నారు. తిండికి, గదికి ఎలా? మద్రాసు సర్టిఫికెట్‌తో అక్కడ డాక్టరుగా పనిచేయడానికి వీల్లేదు. పీటర్ బెంట్ బ్రిగామ్ ఆసుపత్రిలో రాత్రిపూట పనికి కుదిరారు. రోగుల మలమూత్రాల పాత్రలు కడగడం, మంచాలు సర్దడం, నేల తుడవడం. పగలు హార్వర్డ్ విద్యార్థి, రాత్రి వార్డుబాయ్. మన దేశంలో ఆ పని ఎవరి చేత చేయిస్తారో, చేసేవాళ్లను ఏమని పిలుస్తారో మనకు బాగా తెలుసు. నియోగి బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన మనిషి బోస్టన్‌లో ఆ పని చేసి చదువుకున్నారు. దాన్ని ఆయన గొప్ప త్యాగమని మేము రాయం. మన తాతలు తరతరాలుగా చేసినా ఎవరూ త్యాగం అనలేదు. కానీ ఆ పని చేయడానికి ఆయన సిగ్గుపడలేదు, అది మాకు నచ్చింది.

డిప్లొమా అయ్యాక హార్వర్డ్ మెడికల్ స్కూలు జీవరసాయన విభాగంలో సైరస్ ఫిస్కే అనే ఆచార్యుడి దగ్గర చేరారు. అక్కడ మొదట చేసిన పని నెత్తురులో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంత ఉందో కొలిచే పద్ధతి. నమూనాలో కొన్ని రసాయనాలు కలిపితే నీలం రంగు వస్తుంది. ఫాస్ఫరస్ ఎంత ఎక్కువుంటే నీలం అంత చిక్కన. ఆ రంగును కొలిస్తే లెక్క తేలుతుంది. 1925లో ఇది ప్రచురితమైంది. చూడ్డానికి చిన్న పనే కానీ, ఆ కొలబద్ద చేతిలో ఉండటం వల్లే తర్వాతి పెద్ద సంగతులు బయటపడ్డాయి.

కండరం ఎలా పనిచేస్తుంది? కబడ్డీలో కూత పట్టి అవతలి గీత దాకా దూకిన ఆ కొన్ని సెకన్లలో కాళ్లకు శక్తి ఎక్కడి నుంచి వస్తుంది? అప్పట్లో శాస్త్రవేత్తలు గ్లైకోజెన్ లాక్టిక్ ఆమ్లంగా మారడమే దానికి మూలం అనుకునేవారు. ఆ పరిశోధనకు హిల్, మేయర్‌హాఫ్ అనే ఇద్దరికి 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి కూడా దక్కింది. 1927లో ఫిస్కే, సుబ్బారావు గార్లు కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థం ఉందని, కండరం పనిచేస్తే అది తరుగుతుందని, విశ్రాంతిలో మళ్లీ పేరుకుంటుందని చూపించారు. 1929లో ఏటీపీ అనే పదార్థాన్ని వేరుచేశారు. అదే ఏడాది జర్మనీలో లోమాన్ కూడా విడిగా దాన్ని కనిపెట్టారు. ఇవాళ తొమ్మిదో తరగతి పిల్లవాడిని అడిగినా కణంలో శక్తి ఏటీపీ రూపంలో ఖర్చవుతుందని చెబుతాడు. మన ఒంట్లో జరిగే జీవక్రియ అంతా దాని చుట్టూ తిరుగుతుంది. దాన్ని వెలికితీసిన చేతుల్లో ఒక జత భీమవరానివి అని మాత్రం ఏ పిల్లవాడూ చెప్పడు.

1930లో ఆయనకు పిహెచ్.డి. వచ్చింది. కానీ హార్వర్డ్‌లో పైమెట్టు ఎక్కలేకపోయారు. ఏళ్ల తరబడి చిన్న పోస్టులోనే ఉంచారు. అదే ప్రయోగశాలలో పనిచేసి, తర్వాత 1988లో నోబెల్ అందుకున్న జార్జి హిచింగ్స్, సుబ్బారావు గారి పనిలో కొంత వెలుగు చూడకుండా ఆగిపోయిందని, దానికి ఫిస్కే అసూయే కారణమని తరువాతి కాలంలో చెప్పారు. సుబ్బారావు గారు మాత్రం ఫిస్కేకు దక్కాల్సిన గౌరవం ఫిస్కేకే ఇస్తూ వచ్చారు. ఇది మంచితనమా, పరాయి దేశంలో ఉద్యోగం నిలుపుకోవడానికి తలవంచడమా అని మా గదిలో పెద్ద వాదన జరిగింది. తేలలేదు.

1940లో ఆయన హార్వర్డ్ వదిలి న్యూయార్క్ దగ్గర పెర్ల్ రివర్‌లోని లెడర్లీ లేబొరేటరీస్ అనే మందుల కంపెనీలో చేరారు. రెండేళ్లలో అక్కడి పరిశోధన విభాగానికి డైరెక్టరయ్యారు. అప్పటికి ఆయన వయసు నలభై ఏడు. ఇంకా ఆరేళ్లే బతుకుతారు. ఆ ఆరేళ్లలో జరిగినంత పని చాలా విశ్వవిద్యాలయాలు అరవై ఏళ్లలో చేయవు.

మొదటిది ఫోలిక్ ఆమ్లం. దీని కథ మన దేశంలోనే మొదలైందని చెప్పాలి. లూసీ విల్స్ అనే ఇంగ్లండు డాక్టరమ్మ 1928లో బొంబాయి వచ్చి, బట్టల మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణులకు వచ్చే రక్తహీనతను పరిశీలించారు. ఈస్టుతో చేసే చవకైన మార్మైట్ తినిపిస్తే వాళ్లు కోలుకున్నారు. అందులో ఉన్నదేమిటో మాత్రం తెలియలేదు. 1941లో అమెరికాలో కొందరు నాలుగు టన్నుల పాలకూర నుంచి చిటికెడు పదార్థం తీసి, ఆకులో దొరికింది కనుక ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు. లాటిన్‌లో ఫోలియం అంటే ఆకు. టన్నుల కొద్దీ పాలకూర పిండి ప్రపంచానికి మందు ఇవ్వలేం కదా. దాన్ని ప్రయోగశాలలో రసాయనాలతో తయారుచేసే దారి సుబ్బారావు గారి బృందం 1945లో కనిపెట్టింది. ఆ వ్యాసం మీద పదహారు మంది పేర్లున్నాయి, ఆయనది అందులో ఒకటి. డైరెక్టరు పేరు ముందు వేయాలన్న పట్టింపు లేదు.

ఆ మందు చేతికి రాగానే డాక్టర్ టామ్ స్పీస్ అమెరికాలోనూ క్యూబాలోనూ రోగులకు వాడి చూశారు. నెత్తురు పడింది. ఆ రోగుల్లో స్ప్రూ ఉన్నవాళ్లూ ఉన్నారు. పురుషోత్తం, కృష్ణమూర్తి గార్లను మింగిన ఆ స్ప్రూయే. పాతికేళ్లు ఆలస్యంగా, పదమూడు వేల కిలోమీటర్ల దూరంలో, అన్నదమ్ములను కాపాడగలిగే మందు తయారైంది.

ఇది ఒంట్లో ఎలా పనిచేస్తుందో ఇవాళ మనకు తెలుసు. కణం రెండుగా చీలాలంటే ముందు దాని డీఎన్ఏకు నకలు తయారవ్వాలి. డీఎన్ఏ నాలుగు అక్షరాల పుస్తకం అనుకుంటే అందులో టీ అనే అక్షరం పోతపోయడానికి ఫోలిక్ ఆమ్లం కావాలి. అది లేకపోతే నకలు సగంలో ఆగుతుంది. మూలుగలో పుట్టే ఎర్ర కణాలు ఉబ్బిపోయి, పక్వానికి రాకుండా మిగులుతాయి. కడుపులో బిడ్డకు మొదటి నెలలోనే వెన్నుపాము గొట్టంలా మూసుకోవాలి. అప్పుడు తల్లికి ఫోలిక్ ఆమ్లం చాలకపోతే మూసుకోకపోయే ప్రమాదం పెరుగుతుంది. ఇలాంటి బిడ్డ ఒకసారి పుట్టిన తల్లులు మళ్లీ గర్భం దాల్చే ముందు నుంచీ ఈ మాత్ర వేసుకుంటే నాలుగింట దాదాపు మూడు వంతుల ముప్పు తప్పుతుందని 1991లో ఇంగ్లండు పరిశోధకులు తేల్చారు. అయితే మందు మంచిదని ఒక్కదాన్నే నమ్ముకోవడమూ కుదరదు. ఫోలిక్ ఆమ్లం ఎక్కువై, బి12 విటమిన్ తక్కువైన తల్లుల పిల్లల్లో మధుమేహానికి దారితీసే లక్షణాలు కనిపించాయని పుణె పరిశోధకులు 2008లో ప్రచురించారు. తల్లి తిండి బిడ్డ జన్యువుల పనితీరును ఎలా మారుస్తుందో మన హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రవేత్తలూ పరిశీలిస్తున్నారు. సుబ్బారావు గారు పోయే నాటికి డీఎన్ఏ ఆకారం కూడా ఎవరికీ తెలియదు. అది 1953లో బయటపడింది.

స్కూల్లో వారానికోసారి మనకిచ్చే నీలం మాత్రలో ఇనుముతో పాటు 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటుంది. కడుపులో తిప్పుతుందని కిటికీలోంచి విసిరేసే తమ్ముళ్లు కొందరున్నారు. అన్నం తిన్నాక వేసుకుంటే తిప్పదు.

రెండోది ఇంకా విచిత్రం. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే పిల్లల వైద్యుడు రక్త క్యాన్సర్‌తో చనిపోతున్న పసిపిల్లలను చూస్తున్నారు. ఫోలిక్ ఆమ్లం జాతి పదార్థాలు ఇస్తే రోగం తగ్గకపోగా వేగం పుంజుకుంది. అలాగైతే దాన్ని అడ్డుకుంటే క్యాన్సర్ కణాలు ఆకలితో మాడాలి కదా? ఫోలిక్ ఆమ్లంలాగే కనిపిస్తూ పనిచేయని దొంగ తాళంచెవి కావాలి. సుబ్బారావు గారి బృందం అలాంటివి తయారుచేసి పంపింది. అందులో అమినోప్టెరిన్ అనేది పనిచేసింది. పదహారు మంది పిల్లలకిస్తే పదిమందికి కొంతకాలం పాటు జబ్బు వెనక్కి తగ్గింది. 1948 జూన్‌లో ఈ సంగతి ప్రచురితమైంది. ఆ పిల్లలు ఆ తర్వాత చనిపోయారు, నిజమే. కానీ మందుతో రక్త క్యాన్సర్ వెనక్కి తగ్గుతుందని లోకం స్పష్టంగా చూసింది అప్పుడే. ఆ వ్యాసం రాసినవారిలో సుబ్బారావు గారి పేరు లేదు. దానికి తమ్ముడి వంటి మెథోట్రెక్సేట్‌ను రక్త క్యాన్సర్‌కూ, కీళ్లవాతానికీ ఇవాళ్టికీ వాడుతున్నారు.

మూడోది హెట్రజాన్, అంటే డీఈసీ మాత్ర. 1947లో వచ్చింది. బోదకాలు పురుగు పిల్లలను నెత్తురులోనే చంపుతుంది. మన తెలంగాణ జిల్లాల్లో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి మింగించిన తెల్ల మాత్రలు ఇవే. నాలుగోది ఆరియోమైసిన్. బెంజమిన్ డగ్గర్ అనే రిటైరైన వృక్షశాస్త్ర ఆచార్యుణ్ణి లెడర్లీలో పెట్టుకున్నారు. మిస్సోరీ నుంచి వచ్చిన పిడికెడు మట్టిలో ఆయనకు బంగారు రంగు సూక్ష్మజీవి దొరికింది. దాని నుంచి 1948లో మొదటి టెట్రాసైక్లిన్ మందు వచ్చింది. 1994లో సూరత్‌లో ప్లేగు భయం పుట్టినప్పుడు జనం క్యూలు కట్టి మింగింది ఆ కుటుంబపు మందులే.

యాంటీబయాటిక్ గురించి ఇంత చెప్పి మన వాగు సంగతి చెప్పకపోతే తప్పవుతుంది. పటాన్‌చెరులో మందుల కంపెనీల వ్యర్థ జలాలు శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని స్వీడన్ శాస్త్రవేత్తలు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించారు. శుద్ధి అయిన నీటిలోనే సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. ఆ మందు వేసుకున్న రోగి నెత్తురులో ఉండేదానికంటే అది ఎక్కువ. ఇలాంటి నీళ్లలో బతికే క్రిములు మందుకు అలవాటు పడతాయి, రేపు రోగికి అదే మందు పనిచేయదు. సుబ్బారావు గారి తరం మట్టిలోంచి మందు తీసింది. మన తరానికి మట్టిలోంచి, నీళ్లలోంచి మందును వెనక్కి తీయాల్సిన పని పడింది. సైన్సు గ్రూపు తీసుకునే తమ్ముళ్లకు ఇక్కడ బోలెడు పని ఉంది.

ఆయన సొంత జీవితం గురించి రాయడం మాకు కష్టంగా ఉంది. బోస్టన్ ఓడ ఎక్కినప్పుడు శేషగిరి గారు గర్భవతి. కొడుకు పుట్టాడు, ఏడాది నిండకుండానే పోయాడు. తండ్రి ఆ బిడ్డ ముఖం చూడలేదు. రెండు మూడేళ్లలో తిరిగొస్తానని వెళ్లిన మనిషి ఒక్కసారైనా తిరిగి రాలేదు. మొదట డబ్బు లేదు, తర్వాత పని వదల్లేదు, ఆ తర్వాత యుద్ధం. కారణాలన్నీ నిజమే కావచ్చు. కానీ ఇరవై ఆరేళ్లు ఎదురుచూసిన మనిషి వైపు నుంచి చూస్తే ఆ కారణాలు సరిపోవు. దుబాయికో మస్కట్‌కో పోయిన నాన్నలున్న ఇళ్లు మనలోనూ ఉన్నాయి. శేషగిరి గారిని పక్కకు పెట్టి ఆయన గొప్పతనం మాత్రమే రాస్తే అది సగం కథే అవుతుంది.

1948 ఆగస్టులో పెర్ల్ రివర్‌లో ఉంటుండగా సుబ్బారావు గారు నిద్రలోనే గుండెపోటుతో కన్నుమూశారు. వయసు యాభై మూడు. భారతదేశానికి స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి ఏడాది. ఆయన నోబెల్ అందుకోలేదు. 1953లో లెడర్లీ శాస్త్రవేత్తలు ఒక కొత్త బూజుకు సుబ్బారోమైసిస్ అని ఆయన పేరు పెట్టారు. 1995లో శతజయంతికి మన తపాలా శాఖ స్టాంపు వేసింది.

ఇంటర్ తర్వాత బయోకెమిస్ట్రీ తీసుకునేవారికి ఒక సంగతి. ప్రాక్టికల్స్‌లో ఫాస్ఫరస్ కొలిచే ప్రయోగం వస్తుంది. పరీక్షనాళికలో నీలం రంగు తేలుతుంది. రికార్డు పుస్తకంలో పైన ఆ పద్ధతి పేరు రాయాలి: ఫిస్కే–సుబ్బారావు పద్ధతి. రెండో పేరు రాసేటప్పుడు అది ఎవరిదో మీకు తెలిసి ఉంటుంది.